మ్యాచింగ్ మహాతల్లికి, నీ జీతం లేని గుమస్తా రాయునది

మ్యాచింగ్ మహాతల్లి సముఖమునకు, తెనాలి నుంచి.

ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెట్టాలి గానీ షాపు తెరిచి నాలుగు నెలలే అయింది కాబట్టి అది అబద్ధం అవుతుంది. నువ్వు క్షేమమా అని అడగక్కర్లేదు, రోజూ పొద్దున్నే నేను షట్టర్ ఎత్తకముందే వచ్చి మెట్ల మీద కూర్చునుంటావు, ఎవరో ఒకరి పర్సులో, అగ్గిపెట్టంత జాకెట్ ముక్క రూపంలో, నాలుగు మడతలు పడి.

నేను బోర్డు మీద రాయించింది క్రాఫ్ట్ సప్లైస్ అని. మనసులో ఏమనుకున్నానంటే పిల్లలు వస్తారు, క్విల్లింగ్ పేపర్లు కొంటారు, ఎంబ్రాయిడరీ రింగులు కొంటారు, శనివారం సాయంత్రాలు చిన్న క్లాసు పెడతా, నలుగురం కూర్చుని కుట్టుకుంటూ కబుర్లు చెప్పుకుంటాం, ఇలా. బోర్డు ఎక్కించిన రోజు బోణీ బేరానికి ఒక పెద్దావిడ వచ్చింది, తల పైకెత్తి బోర్డు మొత్తం చదివింది, చదివి "ఇది మ్యాచింగ్ సెంటరేనా అమ్మా" అంది. కాదండీ ఇది క్రాఫ్ట్ అని చెప్పబోయా. "ఆ అదేలే, ఈ రంగు దారం ఉందా చూడు" అని పర్సు జిప్పు లాగింది. నాకు అప్పుడే తెలియాల్సింది. వీధికో రామాలయం ఉన్నట్టు మన ఊళ్లలో బజారుకో మ్యాచింగ్ సెంటర్ ఉంటుంది, నేల నుంచి కప్పు దాకా లైనింగులూ ఫాల్సులూ పేర్చి, అది నీ గుడి. నేను తెలీక దాని పక్కనే కొత్త మతం పెట్టుకున్నా, మొదటి వారంలోనే మతం మారిపోయా.

ఇప్పుడు నా షాపులో గోడ నిండా రీళ్లే. సిల్క్ థ్రెడ్ అంటాం గానీ అందులో సిల్కు లేదు తల్లీ, రేయానో పాలిస్టరో, నీకు తెలియందేముంది. చీర ఏమో ఒరిజినల్ పట్టు. ఒకే రంగు పట్టు మీద ఒకలా కూర్చుంటుంది, రేయాన్ మీద ఇంకోలా మెరుస్తుంది, పైగా రీలుకి చుట్టినప్పుడు ఒక తీరు, విప్పి ఒక పోగు గుడ్డ మీద పరిస్తే ఇంకో తీరు. అందుకే నేను "పోగు తీసి చూడండమ్మా" అంటా. వాళ్లు "కొంచెం ఎండలో చూసుకోవచ్చా" అంటారు. ఇక ఊరేగింపు మొదలవుతుంది. ఆరు రీళ్లు, జాకెట్ ముక్క, ఆవిడ, ఆవిడ కూతురు, వెనకాల నేను, అందరం మెట్లు దిగి మురుక్కాలువ పక్కన రోడ్డు మీద నిలబడతాం, ఆటోవాళ్లు హారన్ కొడతారు, ఆవిడ ముక్కని ఇటు తిప్పి అటు తిప్పి చూసి "లోపల కరెక్టుగానే ఉందే" అని నన్ను దొంగని చూసినట్టు చూస్తుంది.

ఆవిడ తప్పు కాదులే. రెండు వేరే వేరే డైలు ట్యూబ్‌లైట్ కింద ఒకేలా కనపడి ఎండలోకి రాగానే విడిపోవడం నిజంగానే జరుగుతుంది, దానికి మెటామెరిజం అని చదువుకున్న పేరు కూడా ఉంది. బట్టల మిల్లుల్లో ఇందుకోసమే ఒక లైట్ పెట్టె పెట్టుకుంటారు, అందులో డీ65 అని 6500 కెల్విన్ దగ్గర పగటి వెలుతురులాంటి లైటు, ఇంకా షాపు లైటు, ఇంటి బల్బు లైటు, స్విచ్ మార్చి మార్చి చూస్తారంట. నా దగ్గర డీ65 అంటే మురుక్కాలువ పక్క రోడ్డే, అదీ పొద్దున 11 నుంచి 3 దాకా, తర్వాత ఎదుటి లాడ్జి నీడ పడుతుంది.

రంగుల పేర్ల గురించి అసలు నీతో మాట్లాడాలి. డీఎంసీ అనే దారాల కంపెనీ వాళ్లు ఎంబ్రాయిడరీ దారంలో 500 రంగులు చేసి ప్రతిదానికీ ఒక నెంబర్ ఇచ్చారు, హాయిగా నెంబర్ చెప్తే అయిపోతుంది కదా. మన దగ్గర అలా కాదు. వంకాయ రంగు అంటారు, ఏ వంకాయ? గుత్తి వంకాయ కూరకి వాడే బుల్లిదా, పొడుగుదా? ఉల్లిపొర రంగు అంటారు, పై పొరా లోపలి పొరా? గచ్చకాయ రంగు అడిగే పెద్దవాళ్లకి ఆ కాయ తెలుసు, నాకు తెలీదు. పాలపిట్ట రంగు కావాలని హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చిన ఒకమ్మాయి అడిగింది, ఆ అమ్మాయీ ఆ పిట్టని దసరాకి వాట్సాప్ ఫోటోలోనే చూసింది, నేనూ అంతే, ఇద్దరం కలిసి ఒక గంట ఆ పిట్ట కోసం వెతికాం. మామిడి పిందె రంగు, చిలకపచ్చ, కనకాంబరం, రాణీ పింక్, రామా గ్రీన్... రామా గ్రీన్‌కి ఆ రాముడు ఏ రాముడో ఇప్పటికీ నాకు ఎవరూ చెప్పలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, నెమలి కంఠం ఒక ఎత్తు. మొన్న ఒకావిడ ధర్మవరం పట్టుచీర మొత్తం కవర్లో పెట్టుకుని తెచ్చింది, డబుల్ షేడ్. పడుగు నీలం, పేక ఆకుపచ్చ, అందుకే కదా అది కదిలితే మెరిసేది. ఇలా పట్టుకుంటే నీలం దారం సరిపోయింది, అలా పట్టుకుంటే పచ్చ దారం సరిపోయింది. రెండూ తీసుకోండమ్మా కలిపి కుట్టిస్తారు అన్నా. ఆవిడ చాలాసేపు ఆలోచించి రెండూ అక్కడే పెట్టి "కోడల్ని అడిగి వస్తా" అంది. కోడలు బెంగళూరులో ఉంటుందంట.

మగవాళ్లని పంపినప్పుడు నీ లీల ఇంకా బావుంటుంది. పాపం ఆయన బైకు కూడా స్టాండ్ వెయ్యకుండా వస్తాడు, రెండు నిమిషాల పని అని చెప్పి పంపిస్తారు కదా. వీడియో కాల్ ఆన్ చేస్తాడు. "ఇదేనా?" "అది కాదండీ, దాని పక్కది." "ఇదా?" "అబ్బా, కొంచెం డల్లుగా ఉండాలి అని చెప్పానా లేదా." ఫోన్ కెమెరా ఏమో నా ఎర్ర గోడ చూసి ఒక రంగు చూపిస్తుంది, తెల్ల కౌంటర్ చూసి ఇంకో రంగు చూపిస్తుంది, ఆయనకి అన్నీ ఒకేలా కనపడతాయి, చివరికి ఫోన్ నా చేతికిచ్చి "మేడమ్, మీరూ మీరూ మాట్లాడుకోండి" అని బయటికెళ్లి టీ తాగుతాడు. ఆ రీలు 10 రూపాయలు. దానికి ఫోన్‌పే. సాయంత్రం అదే రీలు వెనక్కొస్తుంది, "ఆమె వద్దంది మేడమ్" అని, తల వంచుకుని.

10 రూపాయల రీలు అన్నా కదా, దాని వెనక కథ విను. నేను బెజవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ దగ్గరికి పోతే రంగుకి ఒక్క రీలు ఇవ్వరు, బాక్స్ మొత్తం తీసుకోవాలి, డజను. ఎవరో ఒకావిడ వంకాయకి వంగపండుకి మధ్య రంగు అడిగిందని బాక్స్ తెస్తా, ఆవిడ ఒక్కటి తీసుకుంటుంది, మిగిలిన 11 నా దగ్గర పెన్షన్ తీసుకుంటాయి. అదే బాగా అమ్ముడుపోయే రంగు కొన్నావిడ మళ్లీ వస్తే? వస్తుంది, మగ్గం మీద జాకెట్ చేతులు సగం అయ్యాక దారం చాల్లేదని వస్తుంది, అప్పటికి ఆ రంగే అయిపోయి ఉంటుంది, మళ్లీ తెప్పిస్తే అదే కంపెనీ అదే నెంబర్ గానీ లాట్ వేరు. ఒక్కో విడత రంగు వేసినప్పుడు వెంట్రుకవాసి తేడా వస్తుంది, ఎవరూ ఏం చెయ్యలేరు. వెనక మెడ ఒక షేడ్, చేతులు ఒక షేడ్. కొనేటప్పుడే ఇంకో రెండు ఎక్కువ తీసుకోండమ్మా అని చెప్తూనే ఉంటా, చెప్పినప్పుడల్లా అమ్ముకోడానికి చెప్తోంది అన్నట్టు ఓ చూపు.

మా షాపు పైన మగ్గం వర్క్ చేసే మాస్టర్ ఉన్నాడు, నిన్ను చూసి భయపడని మనిషి నాకు తెలిసి అతనొక్కడే. ట్రేసింగ్ పేపర్‌కి బొక్కలు పొడిచి, కిరోసిన్‌లో పౌడర్ కలిపి డిజైన్ అద్ది, ఆరీ సూదితో కూర్చుంటే తల ఎత్తడు. షేడ్ తేడా వచ్చిందని ఎవరైనా గొడవ చేస్తే చుట్టూ ఒక జరీ లైను కుట్టేసి మధ్యలో నాలుగు షుగర్ బీడ్స్ వేసేస్తాడు, ఇక తేడా కనపడదు, కన్ను జరీ దగ్గరే ఆగిపోతుంది. "చెయ్యి చాచినంత దూరం దాటితే ఏ రంగైనా ఒకటే అక్కా, పెళ్లిలో అంత దగ్గరికొచ్చి ఎవరు చూస్తారు" అంటాడు. అతనికి మగ్గం తెలుసు గానీ పెళ్లి తెలీదు. పెళ్లికి 300 మంది వస్తే 299 మంది భోజనాల బంతి చూసుకుంటారు, ఆ మిగిలిన ఒక్కరు తోడికోడలో ఆడపడుచో, వచ్చి కొంగు చేత్తో పట్టుకుని "బావుందే, జాకెట్ వేరే చీరదా?" అంటుంది. నా గోడ మీద ఉన్న రీళ్లన్నీ ఆ ఒక్క ప్రశ్నకే తల్లీ. నేను దారం అమ్ముతున్నా అనుకున్నా, ఆవిడ నోరు మూయించే మందు అమ్ముతున్నా, అదీ రీలు 10 రూపాయలకి.

కాంట్రాస్ట్ ఫ్యాషన్ వచ్చినప్పుడు నేను చాలా సంబరపడ్డా. పచ్చ చీరకి ఎర్ర జాకెట్, పసుపు చీరకి వంకాయ జాకెట్, ఇక నీ పని అయిపోయింది అనుకున్నా. నిన్న ఒకమ్మాయి వచ్చి "ఆంటీ, దీనికి మ్యాచ్ అయ్యే కాంట్రాస్ట్ ఇవ్వండి" అంది. నీకు చావు లేదు.

నర్సాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లని చూస్తే నాకు కుళ్లు, ఎక్కువగా తెల్ల దారమే, ఒక కొక్కెం సూది, అరుగు మీద కూర్చుని అల్లుకోవడమే, 2024లో ఆ లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అనే గుర్తింపు, కూడా ఇచ్చారు. వాళ్ల కూలి ఎంత తక్కువో విన్నాక ఆ కుళ్లు కొంచెం తగ్గింది, అది వేరే ఉత్తరం. అయినా తెలుపులో నువ్వు లేవా ఏంటి, నా దగ్గరే మిల్కీ వైట్, హాఫ్ వైట్, క్రీమ్, గంధం తెలుపు, ఇంకో రెండు పేరు లేనివి ఉన్నాయి, వ్రతాలప్పుడు వాటికోసం జరిగే కొట్లాట ఎర్ర రంగుక్కూడా జరగదు.

సరే, ఒకటి ఒప్పుకోవాలి, ఎవరికీ చెప్పకు. పోయిన నెల మా తమ్ముడి నిశ్చితార్థం. నా చీర గచ్చకాయ రంగులాంటిదే ఏదో (కాయ తెలీదన్నానుగా, అమ్మ చెప్పింది). నా షాపులో 200 పైన రంగులున్నాయి, అన్నీ తీసి కౌంటర్ మీద పరిచా, మధ్యాహ్నం రోడ్డు మీదకెళ్లి నిలబడ్డా, ఎదుటి టీ కొట్టాయన "ఇవాళ మీరే కస్టమరా మేడమ్" అని నవ్వాడు. ఏదీ కుదర్లేదు. షట్టర్ దించేసి ట్రైనెక్కి బెజవాడ వెళ్లా, నాలుగు మ్యాచింగ్ సెంటర్లు తిరిగా, నాలుగో దాంట్లో కుర్రాడు ఒక రీలు ఇచ్చి "బయట ఎండలో చూసుకోండి మేడమ్" అన్నాడు. చూసుకున్నా. తెచ్చుకున్నా. ఇంటికొచ్చి డబ్బా తిప్పి చూస్తే మా షాపులో ఉన్న కంపెనీయే, ఉన్న నెంబరే.

ఇప్పుడు శ్రావణం. పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం, అన్నీ ఈ నెల్లోనే పెట్టారు, ఎండ మాత్రం పెట్టలేదు. వారం నుంచి ముసురు. ఇంకా రాద్దామనుకున్నా గానీ ఒకావిడ పొద్దున్నుంచి నాలుగు రీళ్లు, ఒక ముక్క చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది, లోపలికొచ్చి కూర్చోండమ్మా అంటే రానంటోంది, ఆ మబ్బు కాస్త పక్కకి జరుగుతుందేమో చూద్దాం అంటోంది. నేనూ వెళ్లి పక్కన నిలబడతా.

ఇట్లు,
నీ గుమస్తా

తా.క.: ఆ 11 రీళ్లు ఇంకా ఉన్నాయి. వంకాయకీ వంగపండుకీ మధ్య రంగు. ఎవరినైనా పంపు.