మహారాజశ్రీ విష్‌లిస్టు గారి సముఖానికి

తర్వాత కొందామనుకున్నవన్నీ దాచిపెట్టే మహారాజశ్రీ ఆన్‌లైన్ పుస్తకాల విష్‌లిస్టు గారికి, మియాపూర్ నుంచి మీ పాత ఖాతాదారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ దగ్గరున్న 412 పుస్తకాలూ క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేకేం, వాటి మీద చెయ్యి వేసినవాడెవడు గనక.

మన పరిచయానికి పన్నెండేళ్లు నిండాయి కాబట్టి ఇక్కడితో మీరు, గారు కట్టిపెట్టి నువ్వు అనేస్తున్నాను. ఏమీ అనుకోకు. నీకు అనుకునే అలవాటు లేకపోవడం వల్లే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మొన్న మంగళవారం రాత్రి లెక్క విను. పదిన్నరకి అన్నం తిని మంచమెక్కాను. "ఓ అరగంట చదువుకుని పడుకుంటా" అని మా ఆవిడతో చెప్పి ఫోన్ తీశాను. కాకతీయుల చెరువుల మీద ఒక పుస్తకం కనిపించింది. బాగుంది, నీలో వేశాను. దాని కింద తేనెటీగల పెంపకం. అక్కడి నుంచి ఒక జపాను డిటెక్టివ్ నవలకి ఎలా వెళ్లానో నాకూ తెలీదు. ఆ హంతకుడు దొరక్కముందే రెండో ప్రపంచ యుద్ధం, యుద్ధం ముగియకముందే షుగరు ఉన్నవాళ్లకి చిరుధాన్యాల వంటలు, పొయ్యి దించకముందే ఒక రిటైర్డ్ కలెక్టరు ఆత్మకథ. పన్నెండు ముప్పావుకి ఫోను జారి ముక్కు మీద పడింది. చూసినవి నలభై, నీలో చేరినవి నాలుగు, చదివిన పేజీలు సున్నా. అయినా "ఇవాళ బాగా చదివాను" అనుకుని హాయిగా నిద్రపోయాను చూడు, అదీ నీ గొప్పదనం.

మా ఆవిడ ఈ తంతు ఏళ్లుగా చూస్తోంది. "ఏవండీ, పెళ్లిచూపులకి వెళ్లినట్టు రోజుకో నలభై మందిని చూసొస్తారు. ఫోటో దాచుకుంటారు. ఒక్కదాన్నీ ఇంటికి తీసుకురారేం?" అంది. సమాధానం చెప్పబోయి, పెళ్లిచూపుల పోలిక ఎటు పోతుందోనని ఆగిపోయాను.

నిజానికి కొన్నిటి ఇంటి గుమ్మం దాకా వెళ్లాను. "కొన్ని పేజీలు చూడండి" అని ఉంటుంది కదా, అది నొక్కుతాను. తెలుగు కథల పుస్తకం సంగతి నీకు తెలియంది కాదు. అట్ట, లోపలి అట్ట, అంకితం, ప్రకాశకుల మాట, ఒక పెద్దాయన ఆప్తవాక్యం, ఇంకో పెద్దాయన అభినందన, ఒక ప్రొఫెసరు గారి ఇరవై పేజీల ముందుమాట, ఆ పైన రచయిత "నా మాట", కృతజ్ఞతలు. మొదటి కథ పేరు కనపడేసరికి శాంపిల్ అయిపోతుంది. ఈ పన్నెండేళ్లలో తెలుగు ముందుమాటల మీద నాకు వచ్చిన పాండిత్యం బహుశా ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు. ఎవరు ఎవరిని "ఈ తరం గొంతు" అన్నారో అడుగు, చెప్తాను. ఆ గొంతు ఏం పలికిందో మాత్రం అడక్కు.

ఇక వెతుకులాట. మన పేర్లు నీ యజమాని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటాడు, అందులో దీర్ఘానికి దిక్కు లేదు. విశాఖపట్నం వకీలు రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు మనందరికీ రావిశాస్త్రి. ఆ పేరు కొట్టాను. మైకు పట్టుకుని క్రికెట్ రవిశాస్త్రి వచ్చాడు. ఒక్క దీర్ఘం పోయినందుకు విశాఖ కోర్టు వరండాలో దిగాల్సినవాణ్ణి లార్డ్స్ మైదానంలో దిగాను. పోనీ అని శ్రీశ్రీ కోసం వెళ్తే తెల్లబట్టలు, పొడుగు గడ్డం ఉన్న గురువు గారు చిరునవ్వుతో ఎదురొచ్చారు. విప్లవం కోసం వెళ్లినవాడికి ఊపిరి నెమ్మదిగా ఎలా వదలాలో నేర్పించి పంపారు. ఆ రాత్రికి నాకు కావాల్సింది అదేనేమో, కాదనను.

పాఠకుల అభిప్రాయాలు కూడా చదువుతాను, పుస్తకం కంటే అవే ఎక్కువ చదువుతాను. ఒక నవలకి ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చి "ప్యాకింగ్ సూపర్" అన్నాడు. ఇంకొకాయన అదే నవలకి ఒక్క నక్షత్రం ఇచ్చాడు, డెలివరీ కుర్రాడు లిఫ్టు ఎక్కనన్నాడట. రచయిత మూడేళ్లు కూర్చుని రాసి ఉంటాడు పాపం, లిఫ్టు సంగతి ఆలోచించి ఉండడు.

నీ సలహాల విభాగం మీద నాకు గౌరవమే. "ఇది కొన్నవారు అది కూడా కొన్నారు" అనే లెక్క ఎలా వేస్తారో 2003లో అమెజాన్ ఇంజనీర్లు ముగ్గురు ఒక వ్యాసంలో వివరంగా రాశారు. మనిషికి మనిషిని వెతికి పోల్చరట, వస్తువుకి వస్తువుని పోలుస్తారట. అలాగైతేనే కోట్ల మందికి క్షణంలో జవాబివ్వడం కుదురుతుందట. మంచిదే. కానీ నాలుగేళ్ల కిందట మా మేనల్లుడికి పదో తరగతి ఆల్ ఇన్ వన్ గైడు ఒకటి కొనిపెట్టాను. వాడు పాసయ్యాడు, ఇంటర్ అయింది, ఇంజనీరింగులో చేరాడు. నీ లెక్క ప్రకారం నేనింకా పదో తరగతి తప్పుతూనే ఉన్నాను. ప్రతి ఫిబ్రవరిలో మోడల్ పేపర్లు చూపించి నాకు ధైర్యం చెబుతుంటావు.

ధరల విషయంలోనూ ఇంతే. ఎప్పుడో అరవై రూపాయలకి అచ్చయి, ఇప్పుడు దొరకని తెలుగు నవల ఒకటి నీలో ₹480 దగ్గర చేరింది. ఆర్నెల్లకి ₹1,150. నిరుడు ₹2,400. ఎవరు కొంటున్నారని పెంచుతున్నారో అర్థంకాక బుర్ర గోక్కుంటుంటే 2011 నాటి ఈగ కథ గుర్తొచ్చింది. అమెజాన్‌లో ఈగ పిండం ఎలా ఎదుగుతుందో చెప్పే శాస్త్ర గ్రంథం ఒకటి ఉండేది. ఇద్దరు అమ్మకందార్లు ధర పెట్టే పని ప్రోగ్రాములకి అప్పగించారు. ఒకటేమో రెండోదాని ధర కంటే పిసరంత తక్కువ పెట్టాలి, రెండోదేమో మొదటిదాని ధరకి 1.27 రెట్లు పెట్టాలి. రోజూ ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కుతూ పోయి ఏప్రిల్‌లో 2 కోట్ల 36 లక్షల డాలర్లు దాటాయి. పోస్టు ఖర్చు 3.99 డాలర్లు అదనం. అది చదివాక నా ₹2,400 నవల మీద కోపం పోయింది. దాన్ని రోజూ వెళ్లి చూసేవాణ్ణి నేనొక్కణ్ణే కదా, ఆ గిరాకీ నాదేనేమో.

అన్నట్టు నీకో తమ్ముడున్నాడు, చెప్పడం మర్చిపోయాను. నా లాప్‌టాప్‌లో ఉంటాడు, పేరు "తప్పక చదవాలి". లోపల "కొత్తవి", దాని లోపల "కొత్తవి 2". డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసి పెట్టిన పాత తెలుగు పుస్తకాలు అందులో గుట్టలు. ఫైళ్లకి పేర్లు లేవు, అంకెలే. వేదాంతమని తెరిస్తే పశువైద్యం వస్తుంది. ఊరికే వచ్చినవి కాబట్టి వాటిని నీ అంత కూడా పట్టించుకోను.

నీ వంశం మొత్తాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. నిజానికి అందులో ఒకరికి తొలి బోణీ మనవాళ్లదే. 2007లో బెంగుళూరులో ఇద్దరు కుర్రాళ్లు ఫ్లిప్‌కార్ట్ అని పుస్తకాలమ్మే సైటు పెడితే, వాళ్లకి వచ్చిన మొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచి. మైక్రోసాఫ్ట్ ఉద్యోగం వదిలేసి పల్లెల్లో పిల్లలకి లైబ్రరీలు పెట్టించడానికి వెళ్లినాయన తన అనుభవాలు రాసుకున్న పుస్తకం అది. మహబూబ్‌నగర్ మనిషికి ఒక పుస్తకం కావలసి వచ్చింది. అడిగాడు. వాళ్లు వెతికి పంపారు. ఎంత శుభ్రమైన వ్యవహారం! ఒక పుస్తకం కావలసినవాడికి నీతో పనే లేదు. నాలాగా 412 కావలసినవాడి కోసం నువ్వు పుట్టావు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. నీకు మొహమాటం లేదు. నీ ముందు నాకూ లేదు.

ఇంటర్ చదివే రోజుల్లో విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపుకి వెళ్లేవాణ్ణి. తిరుగు బస్సు చార్జీ పక్కన పెడితే జేబులో పన్నెండు రూపాయలు. కౌంటరు దగ్గర కళ్లజోడు పెద్దాయన పేపరు చదువుతూ ఉండేవాడు. నేను అరల ముందు నిలబడి ఒక్కొక్కటే తీసి, తిరగేసి, పెట్టేసేవాణ్ణి. పది నిమిషాల దాకా ఆయన ఏమీ అనడు. పదిహేనో నిమిషంలో పేపరు మడిచి బల్ల మీద పెట్టేవాడు. ఇరవయ్యో నిమిషంలో "ఏం కావాలి బాబూ?" అనేవాడు. ఆ "బాబూ" వీపు మీద తగిలేది. చేతిలో ఏది ఉంటే అది తీసుకెళ్లి బల్ల మీద పెట్టేసేవాణ్ణి. ఒకసారి అది మాస్కోలో అచ్చయి వచ్చిన గట్టి అట్ట తెలుగు నవల. ఒకసారి కోళ్ల పెంపకం. ఒకసారి భౌతికశాస్త్రం కబుర్లు. డబ్బులు పోశాం కదా అన్న కడుపుమంటతో బస్సులో మొదలుపెడితే ఊరొచ్చేసరికి సగమయ్యేది. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. నాకు చదువు అయింది.

నువ్వేమో రాత్రంతా నిలబడ్డా పేపరు మడవవు. "ఏం కావాలి బాబూ" అనవు. అరల ముందు నన్ను తెల్లారేదాకా వదిలేసి, ఇంకా చూడండి, ఇంకా ఉన్నాయి అంటావు. 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు లైబ్రరీలకి అయిదు సూత్రాలు రాస్తే అందులో నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చేయమని. నువ్వు మిగతా నాలుగూ పాటిస్తావేమో గానీ ఆ ఒక్కదాని మీద నీకేదో పాత కక్ష ఉన్నట్టుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు. పడవన్నాక గట్టు దగ్గర ఎంతసేపు ఆగుతుంది? అది కదిలేలోపు ఏదో ఒకటి చేతిలోకి తీసుకోవాల్సిందే. గట్టున నిలబడి పడవలో ఉన్న పుస్తకాలన్నీ రాసుకుని ఇంటికెళ్లినవాడు ఒక్కడైనా ఉంటాడంటావా?

నా తప్పు లేదనడం లేదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాను, రూపాయికి ఎనిమిది పైసలు. ఆ గ్రంథాలయం మా వీధికి రెండు వీధుల అవతల ఉంది. అందులో కాలుపెట్టి పదకొండేళ్లు. అక్కడ లైబ్రేరియన్ గారు తలెత్తి చూస్తారు, అదీ భయం.

పోయిన జనవరిలో విజయవాడ పుస్తకాల ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. వెళ్లి ఏం చేశానో ఒప్పుకోవాలి. స్టాళ్ల వెంట తిరుగుతూ నచ్చిన అట్టలకి ఫోన్‌తో ఫోటోలు తీశాను, ఇంటికొచ్చాక నీలో వేసుకుందామని. ఒక చిన్న స్టాలులో పల్చటి ఆసామి, పక్కన టిఫిన్ క్యారియరు, నేను ఫోన్ ఎత్తగానే లేచి నిలబడ్డాడు. "ఫోటో ఎందుకు సార్, పుస్తకమే ఉంది కదా" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. చుట్టూ నలుగురు చూశారు. ముప్పై ఐదేళ్ల కిందటి "బాబూ" మళ్లీ వీపు మీద తగిలింది. నూటయాభై ఇచ్చి కొనేశాను.

హైదరాబాదు బస్సులో సూర్యాపేట వచ్చేసరికి సగమైంది. ముందుమాట ఒక్కటే ఉంది, అదీ పేజీన్నర. ఎందుకో అనుమానం వచ్చి నిన్ను తెరిచి చూశాను. అది నీలోనే ఉంది, 2019 ఆగస్టు నుంచి. ఆరున్నరేళ్లు నీ దగ్గర పడుంది, ఒక్కసారైనా దగ్గి ఉంటే నీ సొమ్మేం పోయేది?

ఇంటికొచ్చాక మిగతాది అందుకుంటే 64 తర్వాత 81 వచ్చింది. బైండింగులో ఒక ఫారం ఎగిరిపోయింది, పదహారు పేజీలు. సరిగ్గా కథలో పెద్దకొడుకు ఇల్లు వదిలి వెళ్లబోయే చోట. బిల్లు మీద నంబరుంటే ఫోన్ చేశాను. ఆయన మూడుసార్లు అయ్యయ్యో అన్నాడు. ఎగ్జిబిషన్ అయిపోయింది, ఇంకో కాపీ మా ఊళ్లో గోడౌన్‌లో ఉంది, కొరియర్‌కి వారం పడుతుంది, అంతదాకా ఎలా ఆగుతారు సార్ అన్నాడు. ఎలా ఆగుతానని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సాయంత్రానికి వాట్సాప్‌లో ఎనిమిది ఫోటోలు వచ్చాయి, ఒక్కో దాంట్లో రెండేసి పేజీలు. మంచం మీదే పెట్టి తీసినట్టున్నాడు, పక్కన పువ్వుల దుప్పటి కనిపిస్తోంది.

అయిదో ఫోటోలో ఆయన బొటనవేలు పడింది. పెద్దకొడుకు గుమ్మంలో వెనక్కి తిరిగి తల్లితో ఏదో అంటాడు, ఆ రెండు లైన్లూ గోరు కింద ఉన్నాయి. ఇంకోసారి తీసి పంపమని అడుగుదామంటే మొహమాటంగా ఉంది.

ఇట్లు
తమ విధేయుడు,
మియాపూర్.