టావెర్న్‌లో అందరూ సమానులే? ఎవరు చెప్పారండీ!

"అమెరికా పుట్టింది సభలో కాదు, బార్‌లో" అనే ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది. అమెరికా స్వాతంత్ర్య దినం జులై 4 దగ్గర పడితే చాలు, డల్లాస్ నుంచి అన్నయ్య, న్యూజెర్సీ నుంచి బావగారు, గచ్చిబౌలి నుంచి కాలేజీ బ్యాచ్ మొత్తం పోటీలు పడి పంపుతారు. చూడనివాళ్ల కోసం సారాంశం ఇది: బ్రిటిష్ కాలనీలుగా ఉన్న రోజుల్లో అమెరికాలో నీళ్లు తాగితే చావేనట, అందుకని పిల్లాజెల్లా అందరూ బీరే తాగేవారట. టావెర్న్‌లో, అంటే మద్యం, భోజనం, బస దొరికే చోట, ఆడవాళ్లు కాలు పెట్టేవారు కాదట. తాగుడు తప్ప అక్కడ వేరే పనే లేదట. స్వాతంత్ర్య ప్రకటన రాసింది కూడా అక్కడి బల్ల మీదేనట. అన్నిటికీ మించి, దొర, కూలీ, బానిస ఒకే బెంచీ మీద కూర్చుని తాగేవారట. "మనకు కులాలు, వాళ్లకు టావెర్న్‌లు. అందుకే వాళ్లు అక్కడ, మనం ఇక్కడ" అని చివర్లో నీతి, కింద రెండు జెండాలు.

ముందు నీళ్ల సంగతి. బోస్టన్‌లో పుట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1720ల్లో లండన్ ప్రెస్సులో పనిచేస్తూ మంచినీళ్లే తాగేవాడు. పొద్దస్తమానం బీరు పట్టించే తోటి పనివాళ్లు ఆయన్ని "నీళ్ల అమెరికన్" అని ఏడిపించేవారు. వాళ్లు రెండు చేతులా పట్టుకుని ఒక్క అచ్చు ఫారం (అక్షరాలు పేర్చిన బరువైన చట్రం) మోస్తే, ఈయన చేతికొకటి చొప్పున రెండు పట్టుకుని మెట్లెక్కేవాడు. ఆత్మకథలో గొప్పగా రాసుకున్నాడు కూడా. జనం విపరీతంగా తాగేవారన్నది నిజమే. కానీ అది నీళ్లంటే భయంతో కాదు. రమ్ము చవక, ఆపిల్ సైడర్ (పులియబెట్టిన ఆపిల్ రసం) ఇంటింటా చేసుకునేవారు, అంతే.

స్వాతంత్ర్య ప్రకటనను తర్వాత అధ్యక్షుడైన జెఫర్సన్ ఫిలడెల్ఫియాలో జేకబ్ గ్రాఫ్ అనే తాపీమేస్త్రీ ఇంట్లో అద్దె గదుల్లో కూర్చుని రాశాడు. తర్వాతి పాయింటు.

ఆడవాళ్లు లేరా? చాలా టావెర్న్‌లు నడిపిందే వాళ్లు. మన పూటకూళ్లమ్మల్లాగే, మొగుడు పోయిన ఆవిడకు లైసెన్సు ఇస్తే ఆ కుటుంబం ఊరి మీద పడదని అధికారుల లెక్క. అప్పటి వర్జీనియా రాజధాని విలియమ్స్‌బర్గ్‌లో క్రిస్టియానా క్యాంప్‌బెల్ అనే వితంతువు నడిపిన టావెర్న్‌లో జార్జ్ వాషింగ్టన్ ఎన్నోసార్లు భోంచేశాడు. మగవాళ్లతో సమానంగా బార్ దగ్గర కూర్చుని తాగడం మర్యాద కాదంటే ఒప్పుకుంటా. ప్రయాణాల్లో దిగేవారు మాత్రం. 1704లో సారా కెంబుల్ నైట్ అనే ఆవిడ బోస్టన్ నుంచి న్యూయార్క్‌కు గుర్రం మీద వెళ్తూ ఒక రాత్రి టావెర్న్‌లో ఆగింది. పక్క గదిలో తాగుబోతులు ఒక ప్రాంతం పేరు ఎలా వచ్చిందని బల్లలు గుద్ది వాదించుకుంటున్నారు. నిద్ర పట్టక కొవ్వొత్తి వెలిగించి, "ఓ రమ్మూ, వీళ్ల నోళ్లు నువ్వే మూయించాలి" అనే అర్థం వచ్చే పద్యం రాసుకుంది.

తాగుడు తప్ప వేరే పని లేదా? పేకాట, పాచికలు, బిలియర్డ్స్, కోడిపందాలు, డాన్సులు, పత్రిక చదివి వినిపించడం, వేలంపాటలు, ఒక్కోచోట కోర్టు విచారణలు. చలికాలం వస్తే బీరులో రమ్ము, చక్కెర కలిపి, ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీని అందులో ముంచేవారు. బుస్సుమని నురగ పొంగేది. దాని పేరు ఫ్లిప్. ఫార్వర్డ్ రాసినాయనకు ఇదొక్కటైనా తెలిసుంటే బాగుండేది.

సరే, రాజకీయం టావెర్న్‌లో జరిగిందన్న మాట మాత్రం ముమ్మాటికీ నిజం. 1769లో బ్రిటిష్ గవర్నర్ వర్జీనియా శాసనసభను రద్దు చేస్తే సభ్యులు నేరుగా విలియమ్స్‌బర్గ్‌లోని రాలీ టావెర్న్‌కు వెళ్లి, బ్రిటిష్ సరుకుల బహిష్కరణ ఒప్పందం రాసుకున్నారు. అదే రాలీ టావెర్న్ ముందు మెట్ల మీద భూములు, సామాన్లతో పాటు మనుషుల్ని కూడా వేలం వేసేవారు. ఒకే బెంచీ మీద కూర్చున్న బానిస ఎవరండీ? లోపల కూర్చున్నవాడా, మెట్ల మీద నిలబెట్టినవాడా?

ఇక్కడే నాకు ఒళ్లు మండేది. యజమాని అనుమతి లేకుండా బానిసలకు మద్యం పోయకూడదని చాలా కాలనీల్లో చట్టమే ఉంది. న్యూయార్క్‌లో బానిసలు ముగ్గురికి మించి ఒకచోట చేరడమే నేరం. అక్కడ జాన్ హ్యూసన్ అనే తెల్లవాడు తన టావెర్న్‌లో నిజంగానే నల్లవాళ్లకు బల్ల వేశాడు. ఆదివారాలు మాంసం, మద్యం, ఫిడేలు, డాన్సు. వాళ్ల దగ్గర దొంగసొత్తు కొనేవాడు కూడా, పుణ్యాత్ముడేం కాదు. 1741లో ఊళ్లో వరసగా మంటలు లేచేసరికి, కుట్రంతా ఆ టావెర్న్‌లోనే జరిగిందన్నారు. హ్యూసన్ దగ్గర పనిచేసే మేరీ బర్టన్ అనే పదహారేళ్ల పిల్ల సాక్ష్యం చెప్పింది. 13 మంది నల్లవాళ్లను సజీవ దహనం చేశారు, 17 మందిని ఉరితీశారు. హ్యూసన్‌నూ భార్యనూ ఉరితీసి, అతని శవాన్ని గొలుసులతో వేలాడదీశారు. అసలు కుట్ర ఎంతవరకు నిజమని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మీరు చెప్పే ఒకే బెంచీ దొరికిన చోట జరిగింది ఇదీ.

ఇంకో సంగతి ఫార్వర్డ్ తరఫున నేనే చెప్తా. 1744లో అలెగ్జాండర్ హామిల్టన్ అనే మేరీల్యాండ్ డాక్టరు (అమెరికా తొలి ఆర్థికమంత్రి మీద వచ్చిన మ్యూజికల్, అంటే సంగీత నాటకంలోని హామిల్టన్ కాదు, వేరే ఆయన) ఫిలడెల్ఫియా టావెర్న్‌లో భోంచేశాడు. ఈగలు ముసిరే పెద్ద హాలు, పొడవాటి బల్ల, చుట్టూ 25 మంది. స్కాట్లు, ఇంగ్లిషువాళ్లు, డచ్చివాళ్లు, జర్మన్లు, ఐరిష్ వాళ్లు. క్యాథలిక్కులు, క్వేకర్లు, మొరేవియన్లు అనే ప్రొటెస్టెంట్ శాఖలవాళ్లు, ఒక యూదుడు. ఆ కాలంలో యూరప్‌లో ఇలాంటి బల్ల దొరకడం కష్టమే. మత విషయంలో అది చెప్పుకోదగ్గ సంగతే, కాదనను.

అయితే ఆ డాక్టరు వెంట ప్రయాణమంతా డ్రోమో అనే బానిస ఉన్నాడు. ఆ బల్ల చుట్టూ ఎవరెవరున్నారో అంత వివరంగా రాసిన జాబితాలో డ్రోమో పేరు లేదు.

కులాన్ని తిట్టాలనుంటే తిట్టండి బావగారూ, మొదటి లైకు నాదే. దానికి మనూళ్ల సంగతులే బోలెడున్నాయి, వర్జీనియా దాకా పోనక్కర్లేదు.