కుందేలు జ్వరం: అడిగితేనే దొరికే జబ్బు

వారం నుంచి జ్వరం, చంకలో బిళ్ళ కట్టింది, బొటనవేలి మీద మానని చిన్న పుండు. ఇలా వచ్చినవాళ్ళని "ఈమధ్య అడవి జంతువునేమైనా ముట్టుకున్నావా, పురుగేమైనా కుట్టిందా" అని అడిగే డాక్టర్లు ఎంతమంది? నన్నడిగితే తులరీమియా అనే బ్యాక్టీరియా జబ్బు కథంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

1911లో కాలిఫోర్నియాలోని తులారే కౌంటీలో నేల ఉడతల్లో బయటపడింది, పేరు అలా వచ్చింది, జనం మాత్రం కుందేలు జ్వరం అంటారు. వేటాడిన కుందేలు తోలు ఒలిచేటప్పుడు చేతి మీది గీతలోంచి దూరుతుంది, పిడుదులు, జోరీగల లాంటి ఈగలు కుట్టినా వస్తుంది, స్వీడన్, ఫిన్లాండ్‌లలో అయితే దోమలు కూడా మోస్తాయి. మనిషి నుంచి మనిషికి మాత్రం అంటదు.

ఇక్కడే అసలు చిక్కు. మామూలుగా రాసే పెన్సిలిన్, అమాక్సిసిలిన్ రకం మందులు దీనికి పనిచేయవు, జెంటామైసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి కావాలి. పోనీ రక్తపరీక్ష చేయిద్దామంటే యాంటీబాడీలు కనపడటానికి ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. అంటే మొదటి రోజు డాక్టర్ చేతిలో ఉండేది పేషెంట్ చెప్పే కథ ఒక్కటే, దాన్ని వినకుండా వైరల్ ఫీవర్ అని తేల్చేస్తే ఇక తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు!

2000 వేసవిలో అమెరికాలోని మార్తాస్ విన్‌యార్డ్ దీవిలో 15 మందికి వచ్చింది, అందులో 11 మందికి నిమోనియా రూపంలో, ఒకరు చనిపోయారు. వాళ్ళెవరూ కుందేళ్ళు కోయలేదే మరి ఎలా అని ఆరా తీస్తే తేలింది గడ్డి కోసే మిషన్, పొదలు నరికే మిషన్ వాడటం, అప్పుడు లేచిన దుమ్ములో బ్యాక్టీరియాని పీల్చి ఉంటారన్నమాట. ఈ లింకు ఏ స్కానింగ్‌లో కనపడుతుంది చెప్పండి, కూర్చోబెట్టి అడగాల్సిందే కదా.

ఏడాదికి అమెరికా మొత్తంలో ఓ రెండొందల కేసులొచ్చే జబ్బు కోసం ప్రతి జ్వరాన్నీ ఇంత తవ్వాలా అంటారు కొందరు. న్యాయమైన మాటే, కానీ నేనడిగేది రెండు నిమిషాలు. అరుదు కదా అని 1990ల మధ్యలో అక్కడ తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సిన జబ్బుల లిస్టులోంచి తీసేశారు, జీవాయుధంగా వాడతారేమోనన్న భయంతో 2000లో మళ్ళీ చేర్చారు.

నా బాధ ఈ ఒక్క జబ్బు గురించి కాదు. వైద్యంలో మాట తగ్గిపోయి రిపోర్టు పెరిగిపోయింది, పేషెంట్ ఏం పని చేస్తాడు, ఎక్కడ తిరిగాడు అనేవి ఎవరికీ అక్కర్లేని కబుర్లయిపోయాయి. దాని దెబ్బ ల్యాబ్ దాకా పోతుంది. పదంటే పది బ్యాక్టీరియాలు పీల్చినా చాలు జబ్బు పడటానికి, అందుకే తులరీమియా అనుమానం ఉంటే శాంపిల్‌తో పాటు ఆ మాట రాసి పంపాలి. డాక్టర్ అడగలేదు, రాయలేదు అనుకోండి, పాపం ఆ టెక్నీషియన్ బ్యాక్టీరియాని పెంచే కల్చర్ ప్లేట్ మూత ఏ రక్షణా లేకుండా మామూలు బల్ల మీదే తీస్తాడు. ఈ బ్యాక్టీరియాకి ఎవరి పేరు పెట్టారో ఆ అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫ్రాన్సిస్‌కి కూడా, దాని మీద పనిచేస్తూనే ఈ జ్వరం వచ్చింది.