గాజు పెట్టె పక్కన కొలువున్న లేబుల్ గారికి

ప్రపంచ సంస్కృతుల మ్యూజియంలో అద్దం వారగా వెలసిన లేబుల్ గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, మీ కుశలం గురించి నాకేం బెంగ లేదు. మీకు ఎండ తగలదు, వాన తగలదు, చెమట పట్టదు. పక్కనున్న ఈకలు, బట్టలు వెలిసిపోకుండా దీపం వెలుతురును 50 లక్స్ దగ్గర ఆపేస్తారు. అందుకే మీ దర్శనానికి కళ్ళు చికిలించి, నడుం వంచి, అద్దానికి ముక్కు ఆనించి రావాలి. ఆక్స్‌ఫర్డ్‌లో 1884లో పెట్టిన పిట్ రివర్స్ మ్యూజియంలో మీ చుట్టాలు వస్తువులకు దారంతో వేలాడే బుల్లి చీటీలు. ఆ చేతిరాత చదువుకోవడానికి సందర్శకులకు టార్చిలైట్లు కూడా ఇచ్చేవారు. అంత వెలుగులో చదివినా తెలియాల్సింది తెలిసేది కాదనేది వేరే సంగతి.

మీరంటే మాకు ఎంత గురో మీకు తెలియదు. కొయ్య మాస్కు ఒకటి మా వైపు గుడ్లురిమి చూస్తుంటుంది. మేం దాన్ని లెక్కచేయం. ముందు మీ రెండు వరుసలు చదువుతాం, "ఓహో" అనుకుంటాం, మీరు చెప్పింది అక్కడ ఉందో లేదో సరిచూసుకోవడానికి మాస్కు మీద ఓ చూపు పడేసి పక్క పెట్టెకు జరుగుతాం. దీన్నే మ్యూజియం చూడటం అంటాం. అంత ఓపిక లేనివాళ్ళు మీకు ఫోటో తీసుకుంటారు, ఇంటికెళ్ళి తీరిగ్గా చదువుదామని. ఆ ఫోటోలు మళ్ళీ తెరిచి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

ఇంత పలుకుబడి ఉన్న మీరు ఏం సెలవిస్తారు? "కొయ్య, గవ్వలు, రంగు. పశ్చిమ ఆఫ్రికా. 19వ శతాబ్దం చివరి భాగం." పశ్చిమ ఆఫ్రికా అంటే పది గడపలున్న ఊరేమో అన్నంత ధీమా మీది. పదిహేనుకు పైగా దేశాలు, వందల భాషలు ఆ రెండు మాటల్లో సర్దుకుని కూర్చోవాలి. ఇక దేనికి వాడేవారో అంతుపట్టకపోతే మీ దగ్గర ఒక తారకమంత్రం ఉండనే ఉంది: "బహుశా మతపరమైన క్రతువులో వాడినది." వాడకం తెలిస్తే గరిటె, తెలియకపోతే క్రతువు. అవతలి ఖండాల వాళ్ళు ఊరికే సరదాకి ఏదీ చేసుకోరని మీరు ఎప్పుడో తీర్మానించేశారు.

తయారీదారు పేరు దగ్గర మీకు మతిమరుపు. దాత పేరు దగ్గర మాత్రం మీ జ్ఞాపకశక్తికి తిరుగులేదు.

జనరల్ డాడ్స్ సంగతే చూడండి. 1892లో ఫ్రెంచి సేనలతో డహోమీ రాజ్యం (నేటి బెనిన్ దేశం) మీద దండెత్తి, అబోమీ రాజభవనాల్లోని విగ్రహాలు, తలుపులు, సింహాసనాలు పట్టుకొచ్చాడు. 1893లో కొన్ని, 1895లో కొన్ని పారిస్‌లోని ట్రొకాదెరో మ్యూజియానికి ఇచ్చి దాతల జాబితాకెక్కాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం అంటే ఇదే. కాకపోతే ఇక్కడ అల్లుడు ఫిరంగులతో వచ్చాడు. వాటిలో సొరచేప తలతో ఉన్న బెహాన్‌జిన్ రాజు విగ్రహాన్ని చెక్కింది సోసా దేదే అని పరిశోధకులు చెబుతారు. ఎత్తుకొచ్చిన వాడి పేరు మొదటి రోజే రిజిస్టరులో పడింది. చెక్కిన వాడి పేరు పరిశోధన చేస్తే గానీ రాలేదు. అలాంటివి 26 వస్తువులు 2021 నవంబర్‌లో బెనిన్ దేశానికి తిరిగి వెళ్ళాయి. మరుసటి ఏడాది కొటొనూలో అధ్యక్ష భవనంలో ప్రదర్శనకు పెడితే జనం బారులు తీరారు. వాళ్ళకు అది ఎవరి బొమ్మో చెప్పడానికి మీరు అవసరమై ఉంటారని నేననుకోను.

రాణీగారు దాత అయితే మీ మర్యాద ఇంకా చూడముచ్చటగా ఉంటుంది. రాపా నుయ్ (ఈస్టర్ ద్వీపం)లో ఒరోంగో అనే చోట హోవా హకనానైయా అనే రాతి పూర్వీకుడు ఉండేవాడు. ఎత్తు 2.42 మీటర్లు, బరువు నాలుగు టన్నుల వరకు. 1868లో టోపేజ్ అనే బ్రిటిష్ యుద్ధనౌక వాళ్ళు ఆయన్ని ఎక్కించుకుపోయారు. నౌకాదళం వారు విక్టోరియా రాణికి సమర్పించుకున్నారు, రాణీగారు 1869లో బ్రిటిష్ మ్యూజియానికి దయచేశారు. చేతులు మారుతూ పోతే ఎంత బరువైన సొత్తయినా కానుకగా మారిపోతుందని నాకు మీ దగ్గరే తెలిసింది. 2018లో ఆ ద్వీపవాసులు లండన్ వచ్చి తమ పెద్దాయనను పంపమని అడిగారు. ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

డాడ్స్ సిపాయి, సరే. చదువుకున్నవాళ్ళ సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 1931 నుంచి 1933 దాకా మార్సెల్ గ్రియోల్ నాయకత్వంలో ఒక ఫ్రెంచి శాస్త్రీయ బృందం డకార్ నుంచి జిబూటీ దాకా ఆఫ్రికాను అడ్డంగా దాటి, 3,000కు పైగా వస్తువులతో పారిస్ చేరింది. ఆ బృందం కార్యదర్శి మిషెల్ లెయిరిస్‌కు డైరీ రాసే అలవాటు ఉంది. (పరిశోధకుల బృందంలో నిజాయితీగా డైరీ రాసేవాడు ఒక్కడుంటే చాలు, లేబుళ్ళ పరువు గంగలో కలుస్తుంది.) నేటి మాలిలోని కెమెని అనే ఊళ్ళో 1931 సెప్టెంబర్‌లో ఏం జరిగిందో ఆయనే రాసుకున్నాడు. కోనో అనే పవిత్ర వస్తువును పది ఫ్రాంకులకు ఇచ్చేయాలి, లేదంటే లారీలో దాక్కున్న పోలీసులు ఊరి పెద్దల్ని పట్టుకుపోతారు అని బెదిరించారట. లారీలో పోలీసులు లేరు. ఊరివాళ్ళు దాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడి తప్పుకుంటే వీళ్ళే లోపలికెళ్ళి తీసుకున్నారు. ఇది గిట్టనివాళ్ళ ప్రచారం కాదు, సొంత దస్తూరీతో రాసిన వాంగ్మూలం. అయినా "మాలి, కొయ్య, డకార్-జిబూటీ యాత్ర" అని ముక్తసరిగా రాస్తే ఎంత పద్ధతిగా ఉంటుందో చూడండి! పది ఫ్రాంకులు రాయడానికి మీలో చోటు చాలదు కాబోలు.

"తయారీదారు తెలియదు" అన్న మాట మీద కూడా ఒక మనవి. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన నేటి నైజీరియాలోని బెనిన్ నగరం (పైన చెప్పిన బెనిన్ దేశం వేరు) మీద పడి, వేల ఇత్తడి, దంతపు వస్తువులు తరలించి, రాజు ఒవోన్రామ్వెన్‌ను కలబార్‌కు ప్రవాసం పంపింది. ఆ ఇత్తడి ఫలకాలు పోతపోసిన పనివారి సంఘం అదే నగరంలో ఇగున్ వీధిలో ఈనాటికీ పని చేస్తోంది. వెళ్ళి తలుపు తడితే పలుకుతారు. అంత దూరం నుంచి ఫలకాలు మోసుకురాగలిగిన వాళ్ళకు పేర్లు అడిగి రావడం బరువైపోయింది పాపం.

మీకిప్పుడు కొత్త కష్టం వచ్చిపడింది. 2022లో జర్మనీ ఇలాంటి వెయ్యికి పైగా వస్తువుల మీద హక్కును నైజీరియాకు రాసిచ్చింది. అందులో కొన్ని బెర్లిన్‌లోనే ఉన్నాయి, నైజీరియా అరువిచ్చినట్టు లెక్క. గాజు పెట్టె అదే, మేకు అదే, మీ మీద మాట మాత్రం మారింది. లండన్‌లో కథ తిరగబడింది. 1874 యుద్ధంలో కుమాసీ రాజభవనం నుంచి పట్టుకొచ్చినవి సహా 32 అశాంటే వస్తువుల్ని రెండు బ్రిటిష్ మ్యూజియంలు 2024లో ఘనాకు పంపాయి. ఇవ్వలేదండోయ్, అరువిచ్చాయి! పోయిన సొమ్ము కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని చూసుకుని గడువులోగా తిరిగి ఇవ్వాలి. ఇదేమని అడిగితే బ్రిటిష్ మ్యూజియం వారు 1963 నాటి తమ చట్టాన్ని చూపిస్తారు, ఆస్తులు వదులుకోవడానికి అది ఒప్పుకోదని. పట్టుకొచ్చేటప్పుడు ఏ చట్టం ఒప్పుకుందో చూపించమంటే మాత్రం టీ విరామం.

మీరు రాసే పదార్థాల జాబితాలో తరచూ ఒకటి తప్పిపోతుంటుంది. పురుగులు పట్టకుండా పాత రోజుల్లో తోలు, ఈకలు, కొయ్య వస్తువులకు ఆర్సెనిక్ పట్టించేవారు. అమెరికాలో ఆదివాసీల వస్తువులు వాళ్ళకు తిరిగి ఇవ్వాలనే 1990 చట్టం తర్వాత హోపీ అనే ఆదివాసీ ప్రజలకు తమ పవిత్ర వస్తువులు తిరిగి రావడం మొదలైంది. వాటిలో కొన్నిటిలో ఆ విషం అలాగే ఉంది. ముఖానికి పెట్టుకోవాల్సినదాన్ని చేత్తో ముట్టుకోవడానికే జంకే పరిస్థితి. ఆ లెక్కన "కొయ్య, ఈకలు, తోలు, ఆర్సెనిక్" అని ఉండాలి మరి. భద్రపరచడమంటే ఇదేనని ఎవరైనా గొప్పలు చెబితే ఒకసారి ఆ పెట్టె దగ్గరికి తీసుకెళ్ళండి.

అందరినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. కొనుక్కొచ్చినవి, స్నేహంగా ఇచ్చినవి, అమ్మడానికే చేసినవి కూడా ఆ పెట్టెల్లో ఉంటాయి. తప్పులు దిద్దుకునే చోట్లు కూడా ఉన్నాయి. పిట్ రివర్స్ వారు 2020లో ఎండబెట్టి కుదించిన తలలతో పాటు 120 మానవ అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేశారు. అయినా సగటు గాజు పెట్టె పక్కన మీ ధోరణి మారలేదు కాబట్టే ఈ ఉత్తరం.

నా కోరిక పెద్దదేం కాదు. కెమెని నుంచి వచ్చినదాని పక్కన ఇలా రాయండి చాలు: "కోనో. చేసినవాళ్ళ పేరు మేం అడగలేదు. 1931లో లేని పోలీసుల్ని చూపించి తీసుకున్నాం. చెల్లించినది పది ఫ్రాంకులు." మీ పాత వరుసలకంటే ఒక్క వరుస ఎక్కువ పడుతుంది, అంతే. "ఎలా వచ్చిందో మాకు తెలియదు" అని రాసినా సంతోషమే. తెలియదని చెప్పే లేబుల్‌ని నమ్మబుద్ధేస్తుంది. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి వేయించండి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా వస్తుంటారు.

ఇట్లు,
సందర్శకురాలు.
ఎముక, చర్మం, నూలు, పాలియెస్టర్. ఆసియా. 21వ శతాబ్దం తొలి భాగం. దొరికిన చోటు: టికెట్ల క్యూ. తయారీదారు తెలియదు. భుజాన ఉన్న సంచి బహుశా మతపరమైన క్రతువులో వాడినది.