ఇరవై ముఖాల రుద్రాక్ష

పోయిన మే నెలలో మా దేవుడి గూట్లో కొత్త దేవుడొకడు వెలిశాడు. నీలం రంగు, గాజులా తళతళలాడతాడు. ఒంటి మీద ఇరవై ముఖాలు, ముఖానికో బంగారు రంగు అంకె. మా అమ్మ రోజూ నీళ్లు చల్లి, గంధం బొట్టు పెట్టి, పక్కన ఒక మందారం ఉంచుతుంది. ఆయన మా మేనల్లుడి పాచిక అని అమ్మతో చెప్పే మగాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు.

మాది పర్లాకిమిడి. ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్రా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కూరల బజార్లో రెండూ కలిపి.

వేసవి సెలవులకి బెంగళూరు నుంచి మా అక్క కొడుకు దిగాడు. వాడి సంచీలో బట్టలకంటే పుస్తకాలెక్కువ. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఓ ఆట ఉంది. బోర్డు అక్కర్లేదు, గెలవడమూ ఓడడమూ లేదు. ఒకడు కథ నడుపుతాడు, వాణ్ని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. "ఎదురుగా గుహ, లోపల ఏదో గురక పెడుతోంది, ఏం చేస్తారు?" అంటాడు వాడు. వీళ్లు నోటికొచ్చింది చెప్తారు. చెప్పింది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్లు దీన్ని అచ్చేశారు. మా అమ్మ ఒక పూట చూసి, "పెళ్లాం పిల్లలున్న మగాళ్లు కూర్చుని అబద్ధాలు చెప్పుకోడం" అని తేల్చేసింది. ఇంతకంటే మంచి వివరణ నాకూ దొరకలేదు.

నాకు ఈ ఆట కొత్త కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద సెకండ్ ఎడిషన్ పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. అయినా దాన్ని భారతంలా చదివాను. వాడు తెచ్చింది ఫిఫ్త్ ఎడిషన్. నాది 1989 నాటిది, వాడిది 2014 నాటిది. నడుమ 2000లో మూడోది, 2008లో నాలుగోది వచ్చి పోయాయి. 2024లో అయిదోదాన్నే మళ్లీ సవరించి వదిలారు. కొత్తది వచ్చినప్పుడల్లా ఈ ఆటగాళ్లు రెండు వర్గాలై తన్నుకుంటారట. దానికి ఎడిషన్ యుద్ధాలని పేరు కూడా ఉందట.

మా ఊరివాళ్లకి ఇదో వింతా? మాకు కొత్త సంవత్సరాలే రెండు. ఉగాదికి మేం పచ్చడి తింటాం, ఏప్రిల్ మధ్యలో పణా సంక్రాంతికి పక్కింటివాళ్లు పానకం పోస్తారు, అదీ తాగుతాం. కృష్ణపక్షం వచ్చిందంటే మా పంచాంగంలో ఒక నెల, వాళ్ల పంజికలో ఇంకో నెల. ఇక గ్రాంథికమా, వ్యావహారికమా అని తెలుగుదేశమంతా కొట్టుకున్నప్పుడు వ్యావహారికం పక్షాన నిలబడ్డ గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లో పాఠాలు చెప్పినవారే. గైగాక్స్ రాసిన పాత పుస్తకాలు అచ్చం గ్రాంథికమే, ఒక్కో వాక్యానికి ప్రతిపదార్థం రాసుకోవాలి. ఫిఫ్త్ ఎడిషన్ వ్యావహారికం. ఊరి గౌరవం దృష్ట్యా నేను వ్యావహారికం వైపు ఉండాలి. కానీ మనసొప్పదు.

ఎందుకంటే థాకో. కవచం సున్నా ఉన్నవాడికి దెబ్బ తగలాలంటే పాచిక మీద పడాల్సిన అంకె అది. నా పుస్తకంలో కవచం అంకె తగ్గేకొద్దీ గట్టిది. ఒంటి మీద ఏమీ లేకపోతే 10, అక్కణ్నుంచి కిందికి దిగుతూ సున్నా దాటి మైనస్ 10 దాకా పోవచ్చు. నీ థాకో 17, ఎదుటివాడి కవచం 4 అనుకోండి. పదిహేడులో నాలుగు పోతే పదమూడు. పాచిక మీద 13 గానీ ఆపైన గానీ పడితే దెబ్బ తగిలినట్టు. ఇంతే. మూడో ఎడిషన్‌వాళ్లు దీన్ని బోర్లేసి, అంకె పెరిగితేనే కవచం గట్టిదన్నారు. తీసివేత పోయింది, దాంతోపాటు మజా పోయింది. ఇదంతా మేనల్లుడికి విడమర్చి చెప్తే వాడు, "తగ్గితే మంచిదనడానికి అదేమైనా షుగరా మావయ్యా?" అన్నాడు.

చివరికి రాజీ కుదిరింది. రూల్సు వాడివి, లోకం, అంటే కథ జరిగే చోటు, నాది. వాడు ఫర్గాటెన్ రెల్మ్స్ అన్నాడు. పచ్చటి అడవులు, సత్రాలు, ముసలి మాంత్రికులు. నేను డార్క్ సన్ అన్నాను. 1991లో వచ్చిన లోకం అది. మాంత్రికులు అడ్డూ అదుపూ లేకుండా మంత్రాలు వేసి వేసి, చుట్టూ పచ్చదనం మాడిపోయి, ఊరూవాడా ఎడారైపోయింది. నీళ్లకి కరువు, ఇనుముకి కరువు, కత్తులు ఎముకతో చేసుకుంటారు. డబ్బు కూడా కాల్చిన మట్టి బిళ్లలే. మే నెల, కరెంటు లేదు, ఫ్యాను తిరగదు, మీసం మీంచి చెమట పుస్తకంలోకి కారుతోంది. డంజన్ మాస్టర్‌గా వాతావరణం వర్ణించే శ్రమ నాకు తప్పింది.

జట్టులో ముగ్గురు. పక్కింటి ఒడియా మాస్టారు, రిటైరయ్యారు, వయసులో ఉండగా జాత్ర నాటకాల్లో వేషం కట్టినవారు. ఆయన పాత్ర పాటలు పాడేవాడు. శత్రువు ఎదురైతే కత్తి తియ్యడు, ముందు లేచి నిలబడి, కండువా సర్దుకుని, వాడి తండ్రి పాపాల దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు. ఎముక కత్తి అనగానే, "మా ఊరి కొమ్ము పనివాళ్ల చేత చేయించినది, పిడి మీద కొంగ బొమ్మ ఉంది" అని రాయించుకున్నారు. రెండోవాడు మా బావమరిది, పాతపట్నంలో రైసుమిల్లు లెక్కలు రాస్తాడు. వాడి ధోరణి వేరు. కథ వాడికి పట్టదు. చచ్చిన రాక్షసుల చెప్పులు కూడా ఊడదీసి సంతలో అమ్ముతాడు. మూడోవాడు మేనల్లుడు. వాడిది మిడత మనిషి, నాలుగు చేతులు.

పాచికల దగ్గరే వచ్చింది చిక్కు. ఏడు పాచికల సంచీ వీడు రైల్లో వదిలేశాడు. చొక్కా జేబులో ఒక్కటి మిగిలింది, ఇరవై ముఖాలది. ఆరు ముఖాలవి పిల్లల లూడో డబ్బాలోంచి తీశాం. ఫోన్‌లో వేద్దామంటే బావమరిది ఫోన్‌లో ఎప్పుడూ 18కి తగ్గదు, కాబట్టి ఫోన్లు నిషేధం.

శనివారం రాత్రి. మురీ మిక్చర్ అయిపోయింది. మిడత మనిషి ప్రాణం సున్నాకి వచ్చింది. నా పుస్తకం ప్రకారం సున్నా అంటే పాడె కట్టడమే. ఫిఫ్త్‌లో అలా కాదు, చావుబతుకుల పాచిక అని ఒకటి ఉంది. 10 గానీ పైన గానీ పడితే ఒక మంచి, తక్కువైతే ఒక చెడ్డ. మూడు మంచులైతే గండం గడిచినట్టు, మూడు చెడ్డలైతే పోయినట్టు. 20 పడితే లేచి కూర్చుంటాడు, 1 పడితే రెండు చెడ్డల కింద లెక్క. వాడికి అప్పటికే రెండు చెడ్డలు. పాచికని గుప్పిట్లో పెట్టి, ఊది, విసిరాడు. అది బల్ల మీంచి దూకడమూ కరెంటు పోవడమూ ఒక్కసారే జరిగాయి.

మంచం కింద చూశాం. బియ్యం డబ్బా జరిపాం. మాస్టారు చీకట్లో మిడత మనిషి చరమ సందేశం మొదలుపెట్టారు. పాచిక మాత్రం లేదు.

పొద్దున్న లేచేసరికి గంట మోగుతోంది.

"ఏటమ్మా అది?" అన్నాను.

"తుడుస్తుంటే దొరికింది. స్ఫటికంరా. ఏకముఖి రుద్రాక్షే లక్షలు పోసినా దొరకదు, ఇది ఇరవై ముఖాలు! మన గడపలోకి నడిచొచ్చింది." అప్పటికే పంతులుగారికి ఫోను చేసిందట. ఆయన చూడకుండానే, ఇరవై ముఖాలంటే సామాన్యం కాదమ్మా, కదపకండి అన్నారట.

మేనల్లుడు తెలివైనవాడు. "అమ్మమ్మా, దాన్ని ఒక్క ప్రశ్న అడగాలి. ఒకడు బతుకుతాడా లేదా అని."

అమ్మ గుండె కరిగిపోయింది. "అయ్యో, ఎవరు నాయనా? ఎక్కడున్నాడు?"

"ఎడారిలో."

"దుబాయా?"

ఎవరం మాట్లాడలేదు. బావమరిది మాత్రం, "నాలుగు చేతులా సంపాదించేవాడండీ" అని గట్టిగా నిట్టూర్చాడు.

అమ్మ మా ముగ్గురినీ నూతి దగ్గరికి తరిమింది. మాస్టారు వాళ్లింట్లో స్నానం చేసి, జంధ్యం సవరించుకుంటూ వచ్చారు. తడి తువ్వాళ్లతో నలుగురం వరసగా నిలబడ్డాం. అమ్మ కళ్లు మూసుకుని పాచికని హారతి పళ్లెంలో వేసింది. అది టింగుమని ఒక చుట్టు తిరిగి, కర్పూరం మసి మీద ఆగింది.

20.

"ట్వంటీ!" అని మేనల్లుడు ఎగిరాడు. తువ్వాలు జారబోయింది.

"ఏడిసినట్టుంది" అంది అమ్మ. "చివర సున్నా. పెళ్లిలో వంద చదివిస్తామా, నూటపదహార్లు చదివిస్తామా? సున్నా మీద ఆగితే పని అక్కడే ఆగినట్టు. ఇంకోసారి వేస్తానుండు."

"వద్దమ్మమ్మా!"

అప్పటికే వేసేసింది. 1.

అమ్మ మొహం వెలిగిపోయింది. "ఒకటి! వంద పక్కన ఒకటి పెడితేనే శుభం. బతికాడురా. వాళ్లావిడకి ఫోను చేసి చెప్పు, పాపం ఎంత ఏడుస్తోందో."

మేనల్లుడు గోడకి చేరబడిపోయాడు. వాడి రూల్సులో వాడు చచ్చాడు. నా రూల్సులో రాత్రే చచ్చాడు. అమ్మ రూల్సులో నిండు నూరేళ్లూ ఉన్నాడు. నలుగురూ నావైపు చూశారు. తీర్పు చెప్పాల్సింది డంజన్ మాస్టరే. నా ఒంటి మీద ఉన్నది తడి తువ్వాలు, ఎదురుగా ఉన్నది మా అమ్మ.

"బతికాడు" అన్నాను.

దుబాయ్‌లో ఉన్న అబ్బాయి పేరు మీద మేనల్లుడి చేత పదకొండు రూపాయలు ముడుపు కట్టించింది అమ్మ. వారం తిరిగేసరికి వీధిలో ఆడవాళ్లు ప్రశ్నలు అడగడానికి రావడం మొదలైంది. అమ్మ లెక్కలో 16 అన్నిటికంటే గొప్పది, 8 శని, 20 పడితే మళ్లీ వెయ్యాలి. పుస్తకం లేదు, పట్టికలు లేవు, ఎవరూ ఎదురు వాదించరు. పాతికేళ్లుగా నేను పడుతున్న పాట్లు చూస్తే అసలైన డంజన్ మాస్టర్ ఎవరో నాకే అనుమానం వచ్చింది.

మేనల్లుడు కొత్త సెట్టు ఆర్డరు పెట్టాడు. పార్సిల్ వచ్చిన రోజు మేం ఇంట్లో లేం. మేం వచ్చేసరికి అమ్మ అరిటాకు పరిచి, ఏడింటినీ దాని మీద పేర్చుకుని కూర్చుంది.

నాలుగు ముఖాలది పైకెత్తింది. "బ్రహ్మ. పాపం ఆయనకి గుళ్లుండవు, ఇక్కడే ఉండనీ." ఆరుది షణ్ముఖుడు. ఎనిమిది అష్టలక్ష్ములు. పన్నెండు ద్వాదశాదిత్యులు. ఇరవై పాతాయనకి జోడు. పది ముఖాలవి రెండున్నాయి. ఒకదాని మీద 0 నుంచి 9. అమ్మ దాన్ని చాలాసేపు తిప్పి చూసింది. "దశావతారాలు" అంది.

"దాని మీద సున్నా ఉందిగా అమ్మమ్మా" అన్నాడు మేనల్లుడు ఆశగా.

"కల్కి ఇంకా రాలేదు కదరా."

రెండోదాని మీద 00, 10, 20, అలా 90 దాకా. చూడగానే అమ్మ చెయ్యి వెనక్కి తీసేసుకుంది. "పది ముఖాలు, పదింటికీ సున్నాలే! రావణాసురుడు. ముందు బయటికి పట్టుకుపోండి."

కాబట్టి ప్రస్తుతం మా దగ్గరున్నది అదొక్కటే, వందలో ఎంత అని చెప్పే పాచిక. దాంతో కత్తి తిప్పడం కుదరదు, మంత్రం వెయ్యడం కుదరదు. కానీ నా సెకండ్ ఎడిషన్‌లో దొంగల పనులన్నీ, తాళం తియ్యడం, నీడలో నక్కడం, జేబులు కొట్టడం, వందలో ఎంత అన్న లెక్క మీదే నడుస్తాయి. అదీ ఎంత తక్కువ పడితే అంత మంచిది. మేనల్లుడు నోరెత్తలేదు.

ఇప్పుడు మా జట్టులో ముగ్గురూ దొంగలే. మాస్టారి దొంగ తాళం ముట్టుకునే ముందు దాని ఎదురుగా నిలబడి పావుగంట డైలాగు చెప్తాడు. ఈలోగా ఇంట్లోవాళ్లు లేచిపోతున్నారు.