క్వీన్ 'గ్రేటెస్ట్ హిట్స్' కొనాల్సిందే

పాటలన్నీ ఫోన్‌లోనే వినిపిస్తున్నప్పుడు నలభై ఏళ్లు దాటిన సంకలనానికి డబ్బులు పెట్టడం దండగ కదా అని తిరుపతిలో రాక్ వినే కుర్రాళ్లు అడుగుతుంటారు. ఎస్వీ యూనివర్సిటీ హాస్టళ్లలో, బాలాజీ కాలనీ అద్దె గదుల్లో గిటార్ మీటుతున్న పిల్లలు ఇప్పుడు తక్కువేం లేరు. వాళ్లకు నా జవాబు ఒక్కటే. బ్రిటన్ రాక్ బృందం క్వీన్ 1981లో తెచ్చిన 'గ్రేటెస్ట్ హిట్స్' కొనండి. సీడీ దొరికితే సీడీ, స్తోమత ఉంటే ఎల్పీ, అంటే పెద్ద నల్ల రికార్డు. పాటల కోసమే అయితే కొననక్కర్లేదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఆ పాటలను ఏరి, వరసలో పెట్టిన తీరు కోసం కొనాలి.

జాంజిబార్‌లో పుట్టి, మన పంచగనిలో బడికెళ్లిన పార్సీ కుర్రాడు ఫారూఖ్ బుల్సారా లండన్‌లో క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ఎలా అయ్యాడో అందరికీ తెలిసిన కథే. సినిమా కూడా వచ్చింది. బ్రిటన్‌లో ఇంతవరకు ఏ ఆల్బమ్ కూడా ఈ సంకలనమంత అమ్ముడుపోలేదని, 2022లో 70 లక్షల మార్కు దాటిందని కూడా చదివే ఉంటారు. అమ్మకాల లెక్క చూసి కొనమని నేను చెప్పను. అట్ట తిప్పి పాటల జాబితా చూడండి, అసలు సంగతి అక్కడుంది.

పదిహేడు పాటలు. అన్నిటికన్నా పాతది 1974 నాటి 'సెవెన్ సీస్ ఆఫ్ రై', కొత్తది 1980 నాటి 'ఫ్లాష్'. ఏడేళ్ల పంట. అయితే ఏ ఏడాదిది ఆ ఏడాదిగా పేర్చలేదు. మొదటి పాటే 'బొహీమియన్ రాప్సొడీ'. దాదాపు ఆరు నిమిషాల పాట, బృందానికి పట్టాభిషేకం చేసిన పాట. వ్యాపారం తెలిసిన ఎవరైనా దాన్ని చివరకు దాచుకుంటారు. వీళ్లు మొదటే పెట్టేశారు. పొరలు పొరలుగా గొంతులు పేర్చిన ఆ పాట చివరికి చల్లబడి, గంట మోత సన్నగిల్లగానే 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' బేస్ గిటార్ మొదలవుతుంది. ఒంటరిగా, పొడిపొడిగా, ఏ అలంకారమూ లేకుండా. ఈ రెండు పాటల మధ్య ఐదేళ్లున్నాయి. ఒకటి మెర్క్యురీ రాసింది, రెండోది బేస్ వాయించే జాన్ డీకన్ రాసింది. ఈ బృందం ఎంత దూరం ప్రయాణించిందో పది నిమిషాల్లోపే చెవికి తెలిసిపోతుంది. విడివిడి ఆల్బమ్‌లు కొన్నవాడికి ఆ రెండు పాటలూ ఒకదాని వెంట ఒకటి ఎప్పుడూ వినపడవు.

ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టం. 'ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్', 'బైసికిల్ రేస్' జంట పాటలు. ఒకటి గిటార్ వాయించే బ్రయాన్ మే రాశాడు, ఒకటి మెర్క్యురీ రాశాడు. ఒకదాని ప్రస్తావన మరొకదానిలో వస్తుంది. 1978లో సింగిల్‌గా, అంటే ఆల్బమ్‌తో పనిలేకుండా విడిగా అమ్మే చిన్న రికార్డుగా, రెంటినీ కలిపే విడుదల చేశారు. అదే ఏడాది వచ్చిన 'జాజ్' ఆల్బమ్‌లో మాత్రం వాటి మధ్య ఇంకో పాట దూరింది. ఈ సంకలనంలో మళ్లీ పక్కపక్కన చేరాయి. అసలు ఆల్బమ్ విడదీసిన జంటను హిట్స్ సంకలనం కలిపింది. 'వి విల్ రాక్ యు', 'వి ఆర్ ద ఛాంపియన్స్' సంగతీ చూడండి. 1977 ఆల్బమ్‌కు అవి తొలి రెండు పాటలు, ఇక్కడ ఆఖరి రెండు. తలుపు తెరవడానికి వాడిన పాటలతోనే తలుపు మూశారు. చేతికందినవి గుదిగుచ్చితే ఈ వరస రాదు, కూర్చుని ఆలోచిస్తేనే వస్తుంది.

ఆల్బమ్‌గా పుట్టినదాన్ని ఆల్బమ్‌గానే వినాలి, హిట్స్ సంకలనం అంటే పాటల్ని తల్లి నుంచి వేరు చేయడమే అనే వాదన ఉంది. పింక్ ఫ్లాయిడ్ బృందం విషయంలో అది నిజమే. 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుడతాయి, అతుకు కోస్తే రక్తం కారుతుంది. వాళ్ల సంకలనం కొనమని నేనెవరికీ చెప్పను. క్వీన్ అలా కాదు. సింగిల్‌గా రేడియోలోకి వెళ్లి తన కాళ్ల మీద తాను నిలబడాలని తయారుచేసిన పాటలు ఇవి. వాటికి ఈ వాదన వర్తించదు.

హిట్స్ అనగానే జనానికి తెలిసినవన్నీ ఉంటాయనుకోవడం కూడా పొరపాటే. అమెరికా బృందం ఈగల్స్ అంటే మనవాళ్లకు 'హోటల్ కాలిఫోర్నియా' ఒక్కటే. అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా, 2018లో 3.8 కోట్ల యూనిట్లుగా లెక్కకెక్కిన వాళ్ల సంకలనంలో ఆ పాట లేదు. సంకలనం 1976 ఫిబ్రవరిలో వచ్చింది, ఆ పాట ఉన్న ఆల్బమ్ అదే ఏడాది డిసెంబరులో. పైగా ఆ సంకలనంలోని పది పాటల్లో 'డెస్పరాడో' ఎన్నడూ సింగిల్‌గా విడుదల కాలేదు. లెక్క ప్రకారం అది హిట్టే కాదు. అయినా ఏరినవాళ్లు దాన్ని వదల్లేదు, ఎందుకు వదల్లేదో వింటే తెలుస్తుంది. ఫోన్‌లోని ప్లేలిస్టుకు ఈ తెగువ ఉండదు. ఎక్కువమంది నొక్కినది పైకి వస్తుంది, నొక్కనిది అడుగుకు పోతుంది. అడుగుకు పోయినదాన్ని ఇంకెవరూ నొక్కరు. నిన్న ఉన్న వరస ఇవాళ ఉండదు. వరసకు బాధ్యత వహించే మనిషీ ఉండడు.

బాధ్యత అనే మాట కావాలనే అన్నాను. క్వీన్ సంకలనంలో ఏ పాట ఎవరు రాశారో అచ్చులో ఉంటుంది. లెక్కేశాను. మెర్క్యురీవి పది, బ్రయాన్ మేవి ఐదు, డీకన్‌వి రెండు. డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్‌వి సున్నా. నలుగురున్న బృందంలో ఒకరి పాట ఒక్కటీ లేదు! 1984లో 'రేడియో గాగా' రాసిన మనిషి అతనే, అది 1991 నాటి రెండో సంకలనంలో చేరింది. ఆ చిన్న అక్షరాల్లో ఒక బృందం లోపలి కథంతా ఉంది. ఎవరి మాట చెల్లింది, ఎవరు ఆలస్యంగా వికసించారు అనేది డబ్బు పెట్టి కొన్న అట్టముక్కే చెబుతుంది.

మన ఊళ్లలో క్యాసెట్ రికార్డింగ్ షాపులు ఉండేవి. కాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు ఇస్తే రెండు మూడు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఏ సైడు చివర రెండు నిమిషాల చోటు మిగిలితే ఏ పాట పడుతుందో, దేని వెనక ఏది బాగుంటుందో ఆ షాపులో కూర్చున్న మనిషికి నోటికి వచ్చు. కస్టమర్ రాసిన వరస మార్చి, 'సార్, ఇది ముందుంటే బాగుంటుంది' అని చెప్పేవారు. ఇన్‌లే కార్డు మీద గుండ్రటి చేతిరాతతో పాట, సినిమా, పాడినవారి పేర్లు వరసగా రాసేవారు. గీత దాటకుండా, కొట్టివేత లేకుండా. క్వీన్ సంకలనం వెనక ఉన్న విద్య అదే. ఆ షాపులు పోయాక మనకు పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. వందల పాటలు ఒకే ఫోల్డర్లో, ఒక్క పేరు లేకుండా.

అందుకే ఈ చర్చ నన్ను క్వీన్ దగ్గర ఆగనివ్వదు. మా తిరుపతి అన్నమయ్య ఊరు. ఆయన పేరుతో సర్కిల్ ఉంది. ఆయన 32 వేల కీర్తనలు చెప్పాడని సంప్రదాయం. రాగిరేకుల మీద మనకు దక్కినవి 14 వేలకు దగ్గరగా ఉంటాయి. బజారులో దొరికే 'అన్నమయ్య హిట్స్' సంకలనాలు తీయండి. ఏ కంపెనీదైనా సరే, తిప్పి తిప్పి అవే పది పదిహేను కీర్తనలు. అది నాకు పెద్ద ఫిర్యాదు కాదు, హిట్స్ అంటే అంతే. నా బాధ వేరు. నేను కొన్నవాటిలో చాలావాటి అట్ట మీద సంస్థ గుర్తు, దేవుడి బొమ్మ, గాయకుల ఫోటో ఉంటాయి. స్వరం కట్టినవారి పేరు ఉండదు.

ఇది ఎంత అన్యాయమో చూడండి. రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరలిపి లేదు. అన్నమయ్య వాటిని ఎలా పాడాడో చెప్పే ఆధారం లేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు రేకులను చదివి, పరిష్కరించి అచ్చు వేయించిన తర్వాతే మనం వినే వరసలు చాలావరకు పుట్టాయి. అనంతకృష్ణశర్మ తానే వందకు పైగా కీర్తనలకు స్వరం కట్టారు. 'నానాటి బతుకు నాటకము' అనగానే మన గుండెలో మోగే రేవతి రాగం వరస నేదునూరి కృష్ణమూర్తిది. 'వినరో భాగ్యము విష్ణుకథ' వరస గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌ది. వందల కీర్తనలకు ప్రాణం పోసిన ఆ మనిషి 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూశారు. ఆయన కట్టిన వరసలు ఈ ఊళ్లో పెళ్లి మండపాల్లో మోగుతున్నాయి, ఆటోల్లో మోగుతున్నాయి. పాడేవారిలో చాలామంది ఆ వరస కూడా అన్నమయ్యదే అనుకుంటారు. ఇంగ్లండ్ బృందంలో డ్రమ్స్ వాయించే మనిషి రాసిన పాట సంకలనంలో లేదని నేను తిరుపతిలో కూర్చుని చెప్పగలుగుతున్నాను. నా ఊరి స్వరకర్త పేరు నా ఊళ్లో కొన్న సీడీ చెప్పడం లేదు.

ఏరడం మనకు చేతకాదా? చేతనవును. పీవీఆర్‌కే ప్రసాద్ ఈవోగా ఉన్నప్పుడు దేవస్థానం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి చేత పాడించిన 'బాలాజీ పంచరత్నమాల' ఐదు ఎల్పీల పని. దాని వెనక ఒక ఆలోచన ఉంది, ఒక వరస ఉంది, బాధ్యత తీసుకున్న మనుషులున్నారు. అందుకే నలభై ఏళ్లు దాటినా ఆ గొంతు ఇంకా ఇళ్లలో వినిపిస్తోంది. ఎం.ఎస్.కు తిరుపతిలో విగ్రహం కూడా పెట్టుకున్నాం. స్వరకర్తలకు విగ్రహాలు అడగడం లేదు, అట్ట మీద ఒక పంక్తి చాలు.

క్వీన్ కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. అమెరికా కోసం అప్పట్లో చేసిన సంకలనంలో పాటలు వేరు. 'అండర్ ప్రెషర్' అందులో ఉంటుంది, బ్రిటన్ దాంట్లో ఉండదు. పదిహేడు పాటల బ్రిటన్ వరసే అడిగి తీసుకోండి, షఫుల్ ఆపి మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన వినండి. అది నచ్చితే తర్వాత 1974 నాటి 'క్వీన్ II' కొనండి. సంకలనంలో ఒంటరిగా వినిపించిన 'సెవెన్ సీస్ ఆఫ్ రై' అసలు ఎక్కడి నుంచి వచ్చిందో అందులో దొరుకుతుంది.

మన సంగీత కళాశాల వారికి, దేవస్థానం వారికి నేను అడిగేది కూడా ఇలాంటిదే. పాతిక కీర్తనల సంకలనం ఒక్కటి తీసుకురండి. ప్రతి కీర్తన కింద రేకు సంఖ్య, రేకు మీదున్న రాగం, ఇప్పుడు పాడుతున్న రాగం, స్వరకర్త, గాయకులు, రికార్డు చేసిన సంవత్సరం అచ్చు వేయండి. ఏరినవారి పేరు అట్ట మీద ముందు వైపే ఉండాలి. క్వీన్ ఎల్పీకి పెట్టినంత ధర పెట్టినా కొనుక్కుంటాం.