పెద్దల్లో ఎనిమా పనికిరాదు

పేగులో పేగు దూరితే (ఇంటస్ససెప్షన్) గాలి ఎనిమాతో, అంటే మలద్వారం గుండా గాలి పంపి, సరిచేయొచ్చని ఒక వ్యాసంలో రాశారు. అది పసిపిల్లల మాట. పెద్దల్లో చాలాసార్లు దాని వెనుక గడ్డో, పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగే బుడిపె) లాంటిదో ఉంటుంది. పెద్దపేగులో అయితే క్యాన్సర్ అనుమానం ఎక్కువ. అందుకే అక్కడ పేగును వెనక్కి లాగకుండా ఆ భాగాన్నే కోసి తీస్తారు. లాగితే క్యాన్సర్ కణాలు చెదరొచ్చు, కుళ్లిన పేగు చిరగొచ్చు.

నొప్పి వచ్చి పోతుంటుంది కాబట్టి గ్యాస్ అనుకుని రోజులు గడిపేస్తారు, అదే ప్రమాదం. సీటీ స్కాన్‌లో వలయంలో వలయంలా కనిపిస్తుంది. అలాగని సీటీలో కనిపించిన ప్రతిదానికీ కత్తి అక్కర్లేదు: చిన్నపేగులో దూరిన భాగం పొడవు 3.5 సెంటీమీటర్లలోపు ఉండి, గడ్డ, అడ్డంకి, నొప్పి లేకపోతే చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. వాంతులు, ఉబ్బరం, మలంలో రక్తం ఉంటే మాత్రం వెంటనే సర్జన్ చూడాలి.